ఉపవాసంలో ఉన్న ఆనరబుల్ గారు నన్ను భోజనానికి పిలిచిన వైనం

రోడ్ల మీద గుంతలు పూడాలంటే జనం మూడు రోజులు ఉపవాసం ఉండాలని రోడ్లు, నగర సుందరీకరణ శాఖల మంత్రి, మా నియోజకవర్గ సభ్యుడు, ఆనరబుల్ కోబినా బెంట్సిల్ గారు పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున రేడియోలో ప్రకటించారు.

"బడ్జెట్ పెట్టి చూశాం. కాంట్రాక్టర్లని పెట్టి చూశాం. విదేశాల నుంచి నిపుణుల్ని పిలిపించి, హోటల్లో పెట్టి చూశాం. ఇంక మిగిలింది దేవుడొక్కడే. బుధ, గురు, శుక్రవారాలు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నా నియోజకవర్గంలో ఏ పొయ్యిలోనూ పిల్లి లేవడానికి వీల్లేదు. అందరికంటే ముందు నా పొయ్యిలో లేవదు" అన్నారు.

ఇలాంటి నాయకుడు మా కేప్ కోస్ట్ రోడ్డుకి దొరకడం మా అదృష్టం. వేరే చోట్ల మంత్రులు గుంతలో తారు పోయిస్తారట. తారు ఎన్నాళ్ళుంటుంది? గట్టిగా రెండు వానలు. ప్రార్థన అలా కొట్టుకుపోయే వస్తువు కాదు.

నా పేరు ఫీఫీ. బోర్డులు రాస్తాను. లారీ స్టేషన్ దగ్గర్నుంచి చర్చి దాకా మా ఊళ్ళో మీరు చదివే ప్రతి అక్షరం నాదే. ఆ నెల నాకు చేతినిండా పని. మంత్రిగారి శాఖ వాళ్ళకి నీలం రంగులో బ్యానర్లు: "నేడు కడుపు ఖాళీ, రేపు గుంత భర్తీ". పురపాలక కార్యాలయం వాళ్ళకి ఎర్ర రంగులో గోడ రాతలు: "శుక్రవారం లోగా తొలగించాలి". రోడ్డు వెడల్పు చేస్తారట, పక్కనున్న పాకలన్నీ తీసెయ్యాలట. ఉన్న రోడ్డు గుంతల మధ్య ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తున్నప్పుడు దాన్ని వెడల్పు చెయ్యాలన్న ఆలోచన రావడం మామూలు బుర్రలకి సాధ్యం కాదు.

ఆ పాకల్లో ఆంటీ అరబా చాప్ బార్ ఒకటి. మా వైపు పూటకూళ్ళిళ్ళని అలాగే అంటారు. "అంతా ఆయన దయ చాప్ బార్" అని ఇరవై రెండేళ్ళ కిందట దానికి బోర్డు రాసింది నేనే. ముందు గదిలో జనం తింటారు. వెనక గదిలో వంటసామాను మధ్యన ఆవిడ పడుకుంటుంది. ఆవిడకి ఇల్లన్నా వాకిలన్నా అదే. ఆ గోడ మీద ఎర్ర అక్షరాలు రాయడానికి నాకు చెయ్యి రాక, ఓ మూల బెత్తెడు సైజులో రాసి వచ్చేశాను. పురపాలక పనుల ఆఫీసరు డాడ్జీ గారు చూసి నన్ను వెనక్కి పంపించారు.

"ఫీఫీ, ఇది చదవాల్సింది బుల్‌డోజర్ డ్రైవరు. చీమలు కాదు" అన్నారు.

అడుగెత్తు అక్షరాలు రాశాను. మంచి నూనె రంగు, రెండు పూతలు. ఆంటీ పొయ్యి దగ్గర నిలబడి చూసింది. మర్నాటి నుంచి నా సూప్‌లో మాంసం ముక్క చిన్నదైపోయింది.

ఉపవాసం రెండో రోజు, గురువారం, మిట్టమధ్యాహ్నం. నిచ్చెన మీదున్నాను. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఊళ్ళో చాప్ బార్లన్నీ మూసేశారు. రోడ్డుకి అవతల చర్చిలో ప్రార్థన జోరుగా సాగుతోంది, డోలు ధన్ ధన్ మని మోగుతోంది. ఉడికిన దుంపల్ని రోట్లో వేసి ఫూఫూ ముద్ద దంచితే ఆ రోకటిపోటు మూడు వీధులకి వినపడుతుంది, దాన్ని రహస్యంగా దంచిన మొనగాడు మా ప్రాంతంలో ఇంకా పుట్టలేదు. అయితే ఆ రోజు డోలు ఆగిపోయాక కూడా ఒక పోటు అదనంగా వినపడింది. ఆ పోటు ఆంటీ అరబా పెరట్లోంచి వచ్చింది. నేను నిచ్చెన దిగాను.

పెరట్లో ఆంటీ చెల్లెలు ఎకువా రోకలి పైకెత్తి అలాగే నిలబడిపోయి ఉంది. ఆంటీ నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం కావాలి?"

"ప్రార్థన చేసుకుందామని వచ్చాను ఆంటీ."

"ప్రార్థనలోకి ఎన్ని ముద్దలు?"

"ఒకటి చాలు. మాంసం మాత్రం కాస్త పెద్దది పెట్టు."

"పెద్ద అక్షరాలు రాసేవాళ్ళకి చిన్న ముక్కలే. లోపలికెళ్ళి ఓ మూల కూర్చో. ఒకాయన తింటున్నాడు. టకొరాడీ నుంచి సిమెంటు లారీ తోలుకొచ్చాడట. ఆయన్ని పలకరించకు, మొహమాటస్తుడు."

వెనక గదిలో ఒకటే బల్ల, ఒకటే బెంచీ. ఆ బెంచీ మీద ఒక భారీ మనిషి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఎండలో ఉన్ని టోపీ, నల్ల కళ్ళద్దాలు, గడ్డం దాకా బొత్తాలు పెట్టుకున్న ఖాకీ కోటు. ముందు పెద్ద గిన్నెలో ఫూఫూ, లైట్ సూప్ అనే ఎర్రటి కారం పులుసు, అందులో నా రెండు పిడికిళ్ళంత మేక మాంసం. నేను చప్పుడు కాకుండా బెంచీ చివర కూర్చున్నాను. బెంచీ కిర్రుమంది.

మా వైపు ఒక మర్యాద ఉంది. తింటున్నవాడు తన ముందుకి ఎవరొచ్చినా సరే, కోర్టులో దావా వేసినవాడొచ్చినా సరే, "రండి, చెయ్యి కలపండి" అనాలి. వచ్చినవాడు "నా చెయ్యి అందులోనే ఉంది" అని, చెయ్యి మాత్రం ఒళ్ళోనే పెట్టుకోవాలి. పిలవనివాడు మా దేశంలో లేడు. పిలిచారు కదా అని వచ్చి తిన్నవాడూ లేడు. తల్లి పాలతో పట్టిన అలవాటు ఇది. పీక మీద కత్తి పెట్టినా నోరు ఆగదు.

లారీ డ్రైవరు చెయ్యి గిన్నెలో ఆగింది. భుజాలు బిగుసుకున్నాయి. మెడ మీద చెమట పట్టింది. తనతో తను పోట్లాడుతున్నాడని వెనకనుంచే తెలుస్తోంది. చివరికి ఓడిపోయాడు.

"రండి, చెయ్యి కలపండి" అన్నాడు.

అన్నది మూడే మాటలు. కానీ ఆ గొంతు రోజూ పొద్దున ఆరింటికి మా ఊళ్ళో ప్రతి రేడియోలోంచీ వస్తుంది. నూతి అడుగునుంచి మాట్లాడినట్టుంటుంది. ఆ గొంతు తెలియని మేక కూడా మా నియోజకవర్గంలో లేదు.

"నా చెయ్యి అందులోనే ఉంది, ఆనరబుల్" అన్నాను. నన్ను పెంచిందీ అలాంటి తల్లే.



మొక్కజొన్న బస్తాల వెనకనుంచి సూటు వేసుకున్న యువకుడొకడు లేచాడు. రెండు చేతుల్లో రెండు ఫోన్లు. మంత్రిగారి ప్రత్యేక సహాయకుడు జోజో. టీవీలో మంత్రిగారి వెనక ఎప్పుడూ తల ఊపుతూ కనిపించేది ఇతనే.

"మీరెవర్నీ చూడలేదు" అన్నాడు నాతో.

"చూళ్ళేదు బాబూ. వినపడింది."

"వినలేదు కూడా."

"సరే, వినలేదు. పెద్దమనిషి పిలిచాడు కదా అని జవాబిచ్చాను, అంతే."

జోజో మంత్రిగారి వైపు తిరిగి, "అసలు మీరెందుకు పిలిచారు ఆనరబుల్? నోట్లో ముద్ద ఉంది కదా" అన్నాడు.

"మనిషొచ్చి పక్కన కూర్చుంటే పిలవకుండా ఎలా తినమంటావయ్యా? మా అమ్మ నన్నలా పెంచలేదు" అన్నారు ఆనరబుల్.

నా కళ్ళు చెమర్చాయి. పదవి పోయే ప్రమాదంలో కూడా మర్యాద మర్చిపోని నాయకులు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఇంట్లో పాస్టర్లు, ముందు గేటు దగ్గర విలేకరులు, పార్టీ ఆఫీసులో అఖండ ప్రార్థన, నిన్నటి నుంచి ఆయనకి ముద్ద తినే చోటు దొరకలేదని జోజో తర్వాత చెప్పాడు. ఎన్ని కష్టాలు పడి ఆ గిన్నె దాకా వచ్చారో.

జోజో ఆలోచించాడు. "ఈయన్ని ఇలా పంపిస్తే సాక్షి అవుతాడు. కూర్చోబెట్టి తినిపిస్తే భాగస్వామి అవుతాడు" అన్నాడు.

"రా మావయ్యా, చెయ్యి కలుపు" అన్నారు ఆనరబుల్ రెండోసారి. ఈసారి అది మర్యాద కాదు, ప్రభుత్వ ఉత్తర్వు.

చెయ్యి కడుక్కుని కలిపాను. ఒకే గిన్నెలో తిన్నవాళ్ళు ఒకరిమీద ఒకరు చాడీలు చెప్పుకోరని మాకో మాట ఉంది. దాంతోపాటు ఇంకో పద్ధతి కూడా ఉంది. మాంసం చివర్లో తినాలి, దాన్ని వయసులో పెద్దవాడు పంచాలి. ఫూఫూ అయిపోతోంది. ఆ రెండు పిడికిళ్ళ మాంసం గిన్నె మధ్యన ఒంటరిగా మిగిలింది.

"నీ వయసెంత మావయ్యా?" అన్నారు ఆనరబుల్.

"అరవై మూడు."

ఆయన మాంసం వంక చాలాసేపు చూశారు. "నాకు అరవై ఆరు" అన్నారు.

జోజో ఉలిక్కిపడ్డాడు. "ఆనరబుల్, నామినేషన్‌లో యాభై ఎనిమిది."

"నామినేషన్‌లో యాభై ఎనిమిదే. గిన్నె దగ్గర అరవై ఆరు."

"మీరు పార్టీ యువజన విభాగానికి గౌరవాధ్యక్షులు సార్."

"నువ్వు బస్తాల వెనక్కి పో."

మాంసం పంచారు. నాకు ఎముక వచ్చింది. ఎముకని చిన్నచూపు చూడకండి, మూలుగంతా దాంట్లోనే ఉంటుందని ఆయనే చెప్పారు.

అప్పుడు ఆంటీ ఇంకాస్త సూప్ పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి ముందు ఆయన్ని, తర్వాత నన్ను చూసింది. ఆవిడకి ఎప్పుడో తెలిసిపోయిందని ఆవిడ నిలబడ్డ తీరులోనే అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా జనానికి పెడుతున్న మనిషికి లారీ డ్రైవరు ఎలా తింటాడో తెలియదా?

"ఆనరబుల్, ఒక్క మాట" అంది.

ఆనరబుల్ ఎడమ చెయ్యి ఎత్తారు. మా దగ్గర ఎడమ చెయ్యి చూపించడం తప్పే, కానీ కుడిచెయ్యి ఖాళీగా లేదు. "తినేటప్పుడు మాట్లాడకూడదమ్మా. పెద్దలు చెప్పిన మాట" అన్నారు.

పెద్దలు అలా చెప్పిన మాట నిజమే. ఆంటీ గరిట పట్టుకుని నిలబడింది. ఆనరబుల్ నిదానంగా తిన్నారు. మాంసం అయిపోయింది. సూప్ అయిపోయింది. ఖాళీ గిన్నెలో వేళ్ళు తిప్పుతూ ఆయన ఇంకా భోంచేస్తూనే ఉన్నారు. అంత ఓపికగా ఖాళీ గిన్నె తినగలిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇంతలో రోడ్డు మీద పాటలు దగ్గరయ్యాయి. చర్చిలో ప్రార్థన ముగించుకుని ఊరేగింపు బయల్దేరింది. ముందు పాస్టరుగారు, పక్కన రేడియో విలేకరి, ఫొటోలు తీసేవాడు, వెనక మూడొందల మంది ఆకలితో ఉన్న జనం. చాప్ బార్ ముందు నీడ ఉంది కదా అని అక్కడ ఆగారు. ఎవరో తలుపు తట్టారు.

"ఆంటీ అరబా, తలుపు తియ్యి. ఉపవాసం కోసం కొట్టు కట్టేసుకున్న భక్తురాలిని రేడియోవాళ్ళు మాట్లాడిస్తారట."

ఆనరబుల్‌కి మిరపకాయ అడ్డం పడింది. దగ్గు బయటికి రాకుండా రెండు చేతులతో నోరు మూసుకున్నారు. జోజో పెరటి తలుపులోంచి తొంగిచూసి వెనక్కి వచ్చేశాడు. నీళ్ళ కోసం సగం జనం పెరటి కంచె బయట మూగారు.

ఆంటీ గరిట కింద పెట్టి వీధి తలుపు దగ్గరికి వెళ్ళింది.

"ఈ గడియ వదులైపోయింది ఆనరబుల్. ఇంకో రెండుసార్లు తడితే ఊడిపోతుంది."

"పట్టుకో తల్లీ" అన్నారు ఆయన గుసగుసగా.

"పట్టుకుంటాను. రేపటి దాకానే కదా. రేపు గోడే ఉండదు, ఇంక గడియతో ఏం పని." ఆవిడ బెదిరించడం లేదు. "ఇరవై రెండేళ్ళ నుంచి ఇక్కడే వండుతున్నాను, ఇక్కడే పడుకుంటున్నాను. నాకు ఇంకో గోడ లేదు ఆనరబుల్."

నేను తల దించుకున్నాను. ఆ అక్షరాలు నావి. నాకు చాలా సిగ్గేసింది, నోట్లో ఎముక చప్పరించడం కూడా ఆపేశాను.

"ఎవరు తొలగించమన్నది?" అన్నారు ఆనరబుల్ కోపంగా.

"మన శాఖే సార్" అన్నాడు జోజో.

"సంతకం ఎవరిది?"

"మీదే సార్."

"చూశావా తల్లీ, నా చుట్టూ ఎలాంటివాళ్ళున్నారో. అడక్కుండానే సంతకాలు పెట్టించేస్తారు. నేను మాటిస్తున్నాను, నీ గోడని ఎవరూ ముట్టుకోరు."

"కాగితం మీద రాసిస్తారా?"

జోజో అడ్డొచ్చాడు. "కాగితమంటే తేదీ వెయ్యాలి ఆంటీ. స్థలం వెయ్యాలి. గురువారం మధ్యాహ్నం, చాప్ బార్ వెనక గది. బాగుండదు."

తలుపు మళ్ళీ తట్టారు. గడియ నిజంగానే ఊడి కింద పడింది.

అప్పుడు చూశాను నేను ఆయన గొప్పతనం. టోపీ తీసి జోజో చేతిలో పెట్టారు. కళ్ళద్దాలు తీశారు. కోటు విప్పారు. లోపల తెల్ల చొక్కా, జేబు మీద పార్టీ గుర్తు. ఎవరూ తోసుకొచ్చే లోపల తనే తలుపు తీసుకుని, ఎండలోకి, మూడొందల మంది ముందుకి నడిచి వెళ్ళారు. మేం ముగ్గురం వెనకే వెళ్ళాం. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది, మొహమంతా చెమట. ఆంటీ లైట్ సూప్‌లో మిరపకాయ కాస్త ఎక్కువే వేస్తుంది.

విలేకరి మైకు పట్టుకుని నోరు తెరిచాడు. "ఆనరబుల్, తమరు ఇక్కడ?"

"తనిఖీ" అన్నారు ఆనరబుల్.

వెంటనే మళ్ళీ అందుకున్నారు. "లారీ డ్రైవరు వేషంలో పొద్దున్నుంచీ చాప్ బార్లు తిరుగుతున్నాను. నా జనం దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నారా లేదా అని. ఇది తొమ్మిదోది. మిగతా ఎనిమిదింట్లో ఏం చూశానో చెప్పను, ఇది క్షమించాల్సిన సమయం. ఇక్కడ మాత్రం పొయ్యి చల్లగా ఉంది."

పెరట్లో ఎకువా పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించిన చప్పుడు సుయ్యిమని వినపడింది.

"ఈ తల్లీ, ఈ పెద్దాయనా చీకటి గదిలో మోకాళ్ళ మీద ఉన్నారు. నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను. కన్నీళ్ళు ఆగలేదు." చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరుగారు ఏడ్చారు. జనం ఏడ్చారు. ఆకలి మీదున్నవాళ్ళకి ఏడుపు తొందరగా వస్తుంది.

"మేక వాసనొస్తోందే" అంది ముందు వరసలో ఒకావిడ.

"మొన్నటిది" అన్నాడు జోజో.

ఆనరబుల్ ఆశీర్వదించడానికి కుడిచెయ్యి ఎత్తారు. విలేకరి ఆ చేతినే చూస్తున్నాడు. "ఆ వేళ్ళకి ఎరుపేమిటి ఆనరబుల్?" అన్నాడు.

అందరూ చూశారు. రెండో కణుపు దాకా ఎర్రగా సూప్ మెరుస్తోంది. జోజో రెండు ఫోన్లూ జేబులో పెట్టేసుకున్నాడు, పారిపోవడానికి వీలుగా. ఆనరబుల్ తన చేతిని చూసుకున్నారు. వెనక్కి తిరిగి గోడని చూశారు. గోడ మీద నా అడుగెత్తు ఎర్ర అక్షరాలున్నాయి.

"ఇదా?" అన్నారు. "ఈ పాపిష్టి రాతని నా చేత్తో నేనే తుడిచేస్తున్నాను. ఇంత భక్తి గల ఇల్లు తొలగిస్తారా? నేను బతికుండగా ఈ గోడని ఎవరు ముట్టుకుంటారో చూస్తాను."

జనం అరిచిన అరుపుకి చర్చి మీద కాకులు లేచిపోయాయి. ఫొటోలవాడు మమ్మల్ని వరసగా నిలబెట్టాడు. మధ్యలో గోడ మీద చెయ్యి వేసి ఆనరబుల్, ఒక పక్క ఆంటీ, ఇంకో పక్క నేను. ఫొటోలో నా కుడి బుగ్గ ఉబ్బినట్టుంటుంది. ఎముక ఇంకా నోట్లోనే ఉంది.

రంగుల పనివాడిగా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆ రంగు పది రోజులు ఎండింది. కిరసనాయిలు పోసి రుద్దినా పోదు. ఒక్క అక్షరానికి ఒక్క కొమ్ము కూడా చెరగలేదు. కానీ గోడని ఎవరూ చూడలేదు, అందరూ ఆయన చేతినే చూశారు.

సాయంత్రానికల్లా పార్టీ ఆఫీసు నుంచి ఫొటో వచ్చింది. సగం తలుపంత సైజు, అద్దం, బంగారు రంగు చట్రం, కింద ఆనరబుల్ సంతకం. ఆంటీ దాన్ని వీధి గోడకి, ఎర్ర అక్షరాల మీదుగా తగిలించింది. ఆ పది రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆరు దాటాక నన్ను కూర్చోబెట్టి వడ్డించింది. గిన్నెలో పెద్ద ముక్క ఉంది.

"తిను ఫీఫీ. నీ అక్షరాలు అంత పెద్దవి కాకపోతే ఆయన చూసేవాడే కాదు" అంది.

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అన్నేళ్ళలో నా రాతకి దొరికిన మెప్పు అదొక్కటే.

శుక్రవారం పదింటికి బుల్‌డోజర్ వచ్చింది. ముందు జీపులో డాడ్జీ గారు.

"రేడియో వినలేదా బాబూ?" అంది ఆంటీ.

"విన్నాను ఆంటీ. ఏడ్చాను. మా ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చింది."

"మరి ఇదేమిటి?"

"అది రేడియో. ఇది ఫైలు."

"ఆనరబుల్ అందరి ముందూ మాటిచ్చాడు."

"ఇచ్చారు. ఎవరు కాదన్నారు? ఆ మాట రాజధానికి వెళ్ళాలి, అక్కడ నాలుగు బల్లలు దాటాలి, మళ్ళీ నా బల్ల మీదికి దిగాలి. ఎర్ర రంగు ఆ బల్లలన్నీ దాటుకునే వచ్చింది ఆంటీ, దాన్ని నేనెలా వెనక్కి పంపను?"

డాడ్జీ గారు చెడ్డవారేమీ కారు. మా ముందే జోజోకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టారు.

"ఆనరబుల్ గారికి ఇవాళ మౌన ఉపవాసం. ఆరింటి దాకా మాట్లాడరు" అన్నాడు జోజో.

"పోనీ, కూల్చమంటారా వద్దంటారా, తల ఊపమనండి."

కాసేపాగి, "ఊపారు" అన్నాడు జోజో.

"ఎటు ఊపారు?"

"అది ఫోన్లో చెప్పే విషయం కాదు" అని పెట్టేశాడు.

"బుల్‌డోజర్ నాలుగింటికల్లా వేరే ఊరు వెళ్ళాలి" అన్నారు డాడ్జీ గారు, ఎవరి మొహమూ చూడకుండా. ఆంటీ, ఎకువా లోపలికి పరిగెత్తి కుండలు, గిన్నెలు, ఒక పరుపు బయటికి లాగారు. పెద్ద రోలు ఇద్దరికీ కదల్లేదు. నేను వెళ్ళి పట్టాను, ముగ్గురికీ కదల్లేదు.

బుల్‌డోజర్ కదిలి, గోడకి రెండు గజాల దూరంలో ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగాడు. మొహం పాలిపోయింది.

"సార్, గోడ మీద ఆనరబుల్ గారున్నారు."

డాడ్జీ గారు టోపీ తీసేశారు. మనుషులంతా సర్దుకుని నిలబడ్డారు. అద్దం పగిలితే బాధ్యత ఎవరిదని జీపులో వచ్చిన గుమాస్తా అడిగాడు. నిచ్చెన తెచ్చారు. ఆంటీ పరుపు మీది దుప్పటి లాగి, దాంట్లో ఫొటోని మెల్లగా దింపారు. "జాగ్రత్త, తల కిందులు కానివ్వకండి. చట్రం పట్టుకోండి, మొహం మీద చెయ్యి పెట్టకండి" అంటూ డాడ్జీ గారు దగ్గరుండి చూసుకున్నారు. ఒక పక్క పట్టుకోవడానికి నన్ను పిలిచారు. "నువ్వూ ఉన్నావుగా ఇందులో" అన్నారు.

నేను ఫొటో పట్టుకున్నాను. గోడ అయిదు నిమిషాల్లో పడిపోయింది. మట్టినీ ఇటుకల్నీ లారీలో తీసుకెళ్ళడం ఎందుకని ఎదురుగా ఉన్న రోడ్డు గుంతలోకి నెట్టించారు. రోలు కూడా అందులోకే పోయింది. నా చేతిలో ఫొటో మీద మాత్రం గీత కూడా పడలేదు.

దుమ్ము తగ్గాక ఆంటీ వచ్చి చేతులు చాచింది. "నా ఫొటో నాకిచ్చెయ్యండి."

"ఎక్కడ పెడతావు ఆంటీ?" అన్నారు డాడ్జీ గారు.

ఆవిడ చుట్టూ చూసింది.

"గోడ లేనివాళ్ళకి ఆనరబుల్ గారి ఫొటో ఎలా అప్పజెప్పమంటావు? రోడ్డు మీద పడితే అగౌరవం కదా. నా దగ్గర భద్రంగా ఉంటుంది" అని, ఫొటోని జీపు ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక సీట్లో కూర్చుని వెళ్ళిపోయారు.

ఇప్పుడది పురపాలక కార్యాలయంలో, డాడ్జీ గారి కుర్చీ వెనక గోడ మీద ఉంది. పోయిన వారం నన్ను పిలిపించి, దాని కింద ఒక పలక రాయమన్నారు. "ఆంటీ అరబా చాప్ బార్‌ను ఆనరబుల్ కోబినా బెంట్సిల్ గారు కాపాడిన శుభసందర్భం". బంగారు రంగు. నా జీవితంలో అంత అందమైన అక్షరాలు నేను రాయలేదు.

నేను నిచ్చెన మీద ఉండగానే ఆంటీ వచ్చింది. లారీ స్టేషన్ వెనక ఒక బల్ల, ఒక పొయ్యి పెట్టుకోనివ్వమని అర్జీ పట్టుకొచ్చింది. డాడ్జీ గారి పక్కగా వచ్చి, గోడకి ఆనుకుని నిలబడి, కాగితం చాచింది. ఆయన కాగితం అందుకోలేదు. వెనక్కి తిరిగి, నా పని ఎంతవరకూ వచ్చిందో చూడబోయారు.

"ఆంటీ, కాస్త పక్కకి జరుగు. ఫొటోకి అడ్డొస్తున్నావు" అన్నారు.

ఆవిడ జరిగింది.